మెట్ల కింది గది

జయకృష్ణకు అసహ్యం పుట్టించనిది ఈ లోకంలో ఏమైనా ఉందా అని అడిగితే, అతని భార్య కీర్తన కాసేపు ఆలోచించి "సబ్బు" అంటుంది. అదీ కొత్త సబ్బు. వేరేవాళ్లు వాడింది అయితే సబ్బన్నా అసహ్యమే.

బస్సెక్కితే కడ్డీకి జేబురుమాలు చుట్టి పట్టుకుంటాడు. దిగాక ఆ జేబురుమాలును రెండు వేళ్లతో పట్టుకుని ఇంటిదాకా మోసుకొస్తాడు. పెళ్లి భోజనాల్లో పక్క విస్తరి ఆయన చెయ్యి విదిలించాడంటే ఆ పూట మనవాడికి ఉపవాసమే. ఆఫీసుకు సొంత గ్లాసు పట్టుకెళ్తాడు. గ్లాసు ఒక సంచిలో, ఆ సంచి ఇంకో సంచిలో. "మీరు చేతులు కడిగిన నీళ్లన్నీ కాలవలోకి వదిలుంటే మామయ్యగారు ఇంకో ఎకరం చెరకు వేసుకునేవారండీ" అని కీర్తన దెప్పుతుంది. దెప్పినప్పుడల్లా అతను నవ్వుతాడు. నవ్వేసి వెళ్లి చేతులు కడుక్కుంటాడు.

ఉయ్యూరు పక్కన చెరకు పండించే ఇంట్లో పుట్టాడు. అలాంటి ఇంట్లో ఇలాంటి పిల్లాడు ఎలా పుట్టాడో తల్లి మాణిక్యానికి ఈనాటికీ అంతు చిక్కలేదు. దొడ్లో గేదెలున్న ఇల్లది. పేడ ఎత్తమంటే చీపురు పుచ్చుకుని ఆమడ దూరం నుంచి నెట్టేవాడు. చెరకు ఆడే రోజుల్లో ఊరి గాలి నిండా కమ్ముకునే పులిసిన తీపి వాసనకు ముక్కుకు గుడ్డ కట్టుకుని బడికి వెళ్లేవాడు. "మా ఇంట్లో దొరగారు వెలిశారమ్మా" అని మాణిక్యం ఇరుగుపొరుగుకు చెప్పి మురిసిపోయేది. బిడ్డ పని ఎగ్గొడితే మురిసిపోయే తల్లులు మనకు కొదవా?

పదో తరగతి చదువుతుండగా ఒకసారి బెజవాడలో చుట్టాలబ్బాయి పనిచేసే కంప్యూటర్ సెంటర్ చూశాడు. గాజు తలుపు, చల్లటి గాలి, చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లాలి. లోపల ఈగ లేదు, మరక లేదు, ఉమ్మి లేదు. బతికితే ఇలాంటి గదిలోనే బతకాలని ఆ క్షణమే అనుకున్నాడు. పాలిటెక్నిక్ చదివాడు, నెట్‌వర్కింగ్ కోర్సు చేశాడు. ఆ చదువు చదివినవాళ్లను చివరికి ఎక్కడ కూర్చోబెడతారో పాపం అతనికి ఎవరూ చెప్పలేదు.

నెట్‌వర్క్ స్విచ్ అని ఒక పెట్టె ఉంటుంది. ఆఫీసులో ఉన్న కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి దానిలో కలుస్తాయి. అది ఆగితే బిల్లు రాదు, రిపోర్టు రాదు, ఫోను కూడా మోగదు. అంత ముఖ్యమైన పెట్టెను మనవాళ్లు ఎక్కడ పెడతారంటే, ఇక దేనికీ పనికిరాదని తేల్చేసిన మూల చూసి పెడతారు. మరుగుదొడ్డి పక్కన, మెట్ల కింద, తడి మాపుల మధ్య, పోయినేటి ఫ్లెక్సీ బ్యానర్ల వెనకాల పెడతారు. ముందు హాల్లో మాత్రం గ్రానైటు పరుస్తారు, గోడకు నీళ్లు జారే ఫౌంటెన్ కట్టిస్తారు, దాని కింద రంగు రాళ్లు పోస్తారు. వచ్చిపోయేవాళ్ల కంటబడేదంతా అద్దంలా మెరవాలి, వెనకాల ఏం కుళ్లినా ఫరవాలేదు. కట్టించే ప్రతివాడికీ ఇదే బుద్ధి. చూస్తేనే ఒళ్లు మండుతుంది.

జయకృష్ణ పనిచేసేది కనకవల్లి డయాగ్నోస్టిక్స్‌లో. సూర్యారావుపేటలో హెడ్డాఫీసు, చుట్టుపక్కల ఊళ్లలో బ్రాంచీలు. జనం రక్తం, మూత్రం, కళ్లె సీసాల్లో పట్టి పరీక్షించే వ్యాపారం. ఇంత అసహ్యపడే మనిషి అందులోకి వెళ్లి ఎలా పడ్డాడయ్యా అంటే, ఇంటర్వ్యూ హెడ్డాఫీసులో జరిగింది. హెడ్డాఫీసులో గాజు తలుపుంది.

కొత్త స్విచ్ వచ్చినా పాతది చెడినా అతను బ్రాంచికి వెళ్లాలి. ల్యాప్‌టాప్‌కు ఒక నీలం తీగ తగిలించి, ఆ తీగ రెండో కొన స్విచ్‌లో గుచ్చి, దాని పేరేమిటో, అడ్రసేమిటో, ఏ తీగలో ఏం పారాలో వరసగా టైపు చెయ్యాలి. ఒక్క అక్షరం తప్పితే మళ్లీ మొదటికి. గంటా రెండు గంటలు ఆ మూలలోనే గొంతుక్కూర్చోవాలి. తొమ్మిదేళ్లుగా ముక్కుకు మాస్కు బిగించుకుని, మోకాళ్ల కింద న్యూస్ పేపరు పరుచుకుని, ఎలకల పెంటికల మధ్య ఇదే పని చేస్తూ వచ్చాడు. ఇంటికెళ్లి తలంటుకుంటే గానీ అన్నం ముట్టేవాడు కాదు.

అన్ని బ్రాంచీల్లోకీ గుణదల బ్రాంచి అంటే అతనికి మరీ హడలు. మెట్ల కింద వంగి దూరాల్సిన గది. ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో, పేషెంట్లు సీసాలు పట్టుకుని వెళ్లే టాయిలెట్. ఆ గదిలో స్విచ్ ఒక్కటే కాదు, తెరేసమ్మ కూడా ఉండేది.

తెరేసమ్మ ఆ బ్రాంచిలో ఊడ్చి తుడిచే మనిషి. అతనికన్నా పదిహేనేళ్లు పెద్దది. అతను ఆమెను నువ్వంటాడు, ఆమె అతన్ని మీరంటుంది. ఇది తప్పని ఆ ఇద్దరికే కాదు, ఆ బిల్డింగులో ఎవరికీ తట్టలేదు. మెట్ల కింది గదిలో మేకుకు ఆమె టిఫిన్ డబ్బా వేలాడేది. ఇంకో మేకుకు ప్లాస్టిక్ కవర్లో మార్చుకునే చీర. గోడకు మరియమ్మ పటం. పొద్దున్నే వచ్చి అక్కడే చీర మార్చుకునేది, మధ్యాహ్నం అక్కడే తినేది, నడుం నొప్పి పుడితే అక్కడే పది నిమిషాలు వాలేది. జయకృష్ణ వస్తున్నాడంటే నేల తడిగుడ్డతో తుడిచి, తన ముక్కాలి పీట అతనికి వేసి, స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి పెట్టేది. అతను పీట మీద పేపరు పరుచుకుని కూర్చునేవాడు. నీళ్లు మాత్రం ఆమె అటు తిరగ్గానే తూములో పోసేసేవాడు. ప్రతిసారీ అంతే చేసేవాడు.

ఒకరోజు ఆమె తింటూండగా వెళ్లాడు. ఎండుచేపల కూర. గడప దగ్గరే ఆగి ముక్కు మూసుకుని, "అబ్బబ్బ, ఏం వాసన తెరేసమ్మా! ఇది మిషన్లుండే గదా, వంటిల్లా?" అన్నాడు. తెరేసమ్మ మూత పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చి నిలబడింది. అతని పని అయ్యేదాకా అలాగే నిలబడింది. ఆ సంగతి అతను ఇంటికెళ్లి కీర్తనకు చెప్పాడు గానీ, చేపల వాసన గురించే చెప్పాడు.

ఈ గదుల్లోంచి ఎలా బయటపడాలా అని అతను తొమ్మిదేళ్లు ఆలోచించాడు. జీతం పెరగాలని కూడా అంత గాఢంగా కోరుకోలేదు. ఆ కోరిక తీరే రోజు రానే వచ్చింది. కంపెనీ అన్ని బ్రాంచీలకూ కొత్తరకం స్విచ్‌లు కొంది. వాటికి నీలం తీగ అక్కర్లేదు, పక్కన మనిషి కూర్చోనక్కర్లేదు. డబ్బాలోంచి తీసేటప్పటికి ఆ పెట్టెకు ఏమీ తెలియదు, పసిగుడ్డు లాంటిది. హెడ్డాఫీసుతో కలిపే లైను తీగ గుచ్చి కరెంటిస్తే, కళ్లు తెరిచి "నేనెవర్ని, నా పనేంటి?" అని తీగలోకి కేక వేస్తుంది. హెడ్డాఫీసులోని సర్వర్ ఆ కేక విని, నీ పేరిది, నీ పనిది అని ఒక ఫైలు పంపిస్తుంది. పెట్టె ఆ ఫైలు ఎక్కించుకుని, ఒకసారి ఆగి లేచి, పనిలోకి దిగుతుంది. అటెండరు తీగ గుచ్చితే చాలు. జయకృష్ణ గాజు తలుపు వెనకే కూర్చోవచ్చు.

దీనికి ఒకటే తిరకాసు. ఆ పెట్టె మొదటిసారి వెలిగినప్పుడు మాత్రమే అడుగుతుంది. కాసేపు అడిగి, ఎవరూ పలక్కపోతే ఇక నాకెవరూ లేరనుకుని, తనకు తోచినట్టు ఖాళీగా సర్దుకుని నోరు మూసుకుంటుంది. ఆ తర్వాత తీగ గుచ్చినా అడగదు. మళ్లీ పసిగుడ్డును చెయ్యాలంటే వెనకాల సన్నటి బెజ్జంలో పిన్ను పెట్టి, దీపాలు ఆరి వెలిగేదాకా నొక్కి పట్టాలి.

అందుకే జయకృష్ణ ఫైళ్లన్నీ వారాల తరబడి కూర్చుని శ్రద్ధగా రాశాడు. హెడ్డాఫీసులో ఒక పెట్టెను వెలిగించి చూశాడు. అది తనంతట తాను పేరు తెచ్చుకుని పచ్చదీపం చూపించగానే, పెళ్లిచూపుల్లో సరేనన్న మాట విన్నట్టు అతని ముఖం విప్పారింది. బ్రాంచీలకు సూచనలు రాశాడు. ముందు లైను తీగ గుచ్చండి, తర్వాతే కరెంటివ్వండి, ఇంకేమీ ముట్టుకోవద్దు అని. ఆ కింద తొమ్మిదేళ్ల కసి తీరా ఇంకో మాట రాశాడు. స్విచ్ ఉండే గదిలో మరేదీ ఉండకూడదు, మనుషుల సామాన్లు, తిండి, చీపుళ్లు తీసేయాలి, టైల్స్ వేయించాలి, తాళం పెట్టాలి, ఐటీవాళ్లు తప్ప ఎవరూ లోపలికి అడుగు పెట్టకూడదు అని. 'మనుషుల సామాన్లు' అని రాసేటప్పుడు అతని కళ్ల ముందు ఉన్నది గుణదల మేకుకు వేలాడే టిఫిన్ డబ్బా. ఇక తను వెళ్లనే వెళ్లని గది ఎలా ఉంటే ఏమిటని ఒక్కసారైనా అనుకోవచ్చు కదా. అనుకోలేదు.

అంతా సిద్ధమయ్యాక ఎండీ రామకోటేశ్వరరావుగారు రంగంలోకి దిగారు. ఆయన ముహూర్తం చూడకుండా కొత్త చెప్పులు కూడా తొడగరు. కొత్త మిషన్ ఏది వచ్చినా దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, సిద్ధాంతిగారు చెప్పిన ఘడియలో వెలిగించాల్సిందే. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పొడుగాటి మెసేజ్ పెట్టారు. గురువారం పొద్దున ముహూర్తానికి అన్ని బ్రాంచీల్లోనూ ఒకేసారి స్విచ్ వెలిగించాలి, పూజ ఫొటోలు గ్రూపులో పెట్టాలి అని. మెసేజ్ చివర్లో ఇంకో వాక్యం ఉంది. "మెట్ల కింద, బాత్రూముల దగ్గర పూజ ఏమిటి, అపచారం. హాల్లో బల్ల మీద పెట్టి వెలిగించి, పూజ అయ్యాక తీసుకెళ్లి దాని చోట పెట్టండి."

జయకృష్ణ ఆ మెసేజ్ చివరిదాకా చదవలేదు. ఎండీగారి మెసేజ్‌లు చివరిదాకా ఎవరు చదువుతారు? అందరిలాగే కింద దణ్ణం బొమ్మ పెట్టి ఫోను జేబులో వేసుకున్నాడు.

గురువారం పొద్దున అన్ని ఊళ్లలోనూ కొత్త స్విచ్‌లు హాల్లో బల్లల మీదికెక్కాయి. పసుపు రాశారు, కుంకం పెట్టారు, బంతిపూల దండలు వేశారు. ముహూర్తం కాగానే కరెంటిచ్చారు. తీగ లేదు, ఎందుకంటే తీగ మెట్ల కింద ఉంది. దీపాలు టపటపా వెలిగేసరికి చప్పట్లు కొట్టారు. ఆ పెట్టెలు పాపం "నేనెవర్ని?" అని ఎంతసేపు అరిచాయో ఎవరికి తెలుసు. అక్కడ అందరూ పులిహోర తింటున్నారు. తర్వాత వాటిని తీసుకెళ్లి ఎవరి మూలల్లో వాళ్లు పెట్టి తీగలు గుచ్చారు. అప్పటికే అన్నీ నోళ్లు మూసుకుని కూర్చున్నాయి.

గ్రూపు నిండా పూజ ఫొటోలు వచ్చిపడ్డాయి. హెడ్డాఫీసులో జయకృష్ణ తెర మీద మాత్రం ఒక్క బ్రాంచీ పలకలేదు. ఫొటోలు చూస్తే గానీ అతనికి సంగతి బోధపడలేదు. బల్లల మీద దండలతో వెలుగుతున్న పెట్టెలు, వెనకాల లైను తీగ లేకుండా. గ్రూపులో పైకి వెళ్లి ఎండీగారి మెసేజ్ చివరి వాక్యం చదివాడు. దాని కింద తన దణ్ణం బొమ్మ ఉంది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది గానీ గోడ మీద ఎవరి చేతులు పడ్డాయోనని ఆగాడు.

మంగళగిరి బ్రాంచివాళ్లకు ఫోన్లోనే పిన్ను సంగతి చెప్పి చూశాడు. వాళ్లు స్క్రూ బెజ్జంలో పొడిచి పిన్ను విరగ్గొట్టారు. ఎండీగారు గదిలోకి పిలిచారు.

"ఏంటయ్యా జయకృష్ణా, వాటంతట అవే అవుతాయన్నావు?"

"తీగ లేకుండా వెలిగించారండీ. నేను రాశానండీ, ముందు తీగ అని..."

"నేను హాల్లో పెట్టమని చెబితే దణ్ణం పెట్టావు కదయ్యా. అప్పుడు చెప్పాలి. ముహూర్తం బ్రహ్మాండమైంది, తప్పు దాన్లో లేదు. ఇంక ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు. నువ్వే అన్ని చోట్లకీ వెళ్లి సరిచెయ్యి. అందాకా బిల్లులూ రిపోర్టులూ చేత్తో రాయిస్తాను."

ఏ గదుల మొహం మళ్లీ చూడకూడదని తపస్సు చేశాడో, ఆ గదులన్నిటికీ వరసపెట్టి వెళ్లాల్సి వచ్చింది. మాస్కులు, న్యూస్ పేపర్లు, రెండు సీసాల శానిటైజరు సంచిలో వేసుకుని బయల్దేరాడు. పిన్ను ఉడకబెట్టి తీసుకెళ్లాడని కీర్తన ఇప్పటికీ నవ్వుతుంది.

మంగళగిరిలో టైల్స్ లేవు. గది శుభ్రం చేశామని పంపిన ఫొటో మేడమీద మేనేజరు గదిదని తేలింది. అసలు గదిలో పాత సెలైన్ సీసాలు, తడిసి ఉబ్బిన అట్టపెట్టెలు, వాటిలో ఎలకల కాపురం. ఉయ్యూరులో గోడంతా ఖైనీ ఉమ్మి. స్విచ్ మీది పసుపు చెమ్మకు కరిగి బెజ్జంలోకి కారి అట్టకట్టింది. పక్కన పూజ రోజు కొట్టిన కొబ్బరి చెక్క బూజు పట్టి ఉంది. ఛీ, దేవుడి పేరు చెప్పి పెట్టినదాన్ని కూడా తీసి పారేసే దిక్కు లేదు. అన్ని చోట్లా అతను ఊపిరి బిగబట్టి పిన్ను నొక్కాడు, పచ్చదీపం వెలిగేదాకా గొంతుక్కూర్చున్నాడు, బయటికొచ్చి మోచేతుల దాకా కడుక్కున్నాడు. హాళ్లలో ఫౌంటెన్లు మాత్రం గలగలమంటూనే ఉన్నాయి.

గుణదల చివరికి మిగిలింది. కావాలనే చివరికి మిగుల్చుకున్నాడు.

మధ్యాహ్నం వేళకు అక్కడికి చేరాడు. బ్రాంచి మేనేజరు వినీల, ముప్పై ఏళ్ల చురుకైన అమ్మాయి, తాళం చెవి పట్టుకుని ఎదురొచ్చింది. "మీరు రాసినవన్నీ తూచా తప్పకుండా చేయించానండీ జయకృష్ణగారూ. చూడండి" అని తలుపు తీసింది.

జయకృష్ణ గడపలోనే ఆగిపోయాడు. తెల్లటి టైల్స్. తెల్లటి గోడలు. పైన చిన్న ఫ్యాను గాలిని బయటికి తోలుతోంది. నేల మీద వెంట్రుక లేదు. మేకులు పీకేసి ఆ బెజ్జాలు కూడా పూడ్చారు. కొత్త ప్లాస్టిక్ కుర్చీ, దానికింకా కవరు కూడా విప్పలేదు. అతను మాస్కు తీసి గాలి పీల్చాడు. కొత్త సున్నం వాసన తప్ప ఏమీ లేదు. పదో తరగతిలో చూసిన కంప్యూటర్ సెంటర్ గుర్తొచ్చింది. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లాడు.

"అద్భుతంగా చేయించారండీ" అన్నాడు మనసారా.

వినీల మురిసిపోయి, ఫొటో తీసి గ్రూపులో పెడతానంటూ వెళ్లింది. అతను పేపరు పరచకుండానే కుర్చీలో కూర్చుని పిన్ను నొక్కాడు. దీపాలు ఆరి వెలిగాయి. పెట్టె కళ్లు తెరిచి అడగడం మొదలుపెట్టింది. ఫైలు రావడానికి కాసేపు పడుతుంది. ఈలోగా చేతులు కడుక్కుందామని ఎదురుగా ఉన్న టాయిలెట్ తలుపు తోశాడు. గడియ వేసి లేదు.

లోపల తెరేసమ్మ బోర్లించిన బకెట్ మీద కూర్చుని అన్నం తింటోంది. ఒళ్లో టిఫిన్ డబ్బా. పక్కనే, ఆమె మోకాలికి ఆనుకునేంత దగ్గరలో, కమోడు. తల దగ్గర గూట్లో పేషెంట్లు పట్టి పెట్టి వెళ్లిన మూత్రం సీసాలు, మీద పేర్లు రాసి, వరసగా. కొక్కేనికి ఆమె చీర కవరు. నోటి దగ్గరికి పోతున్న చెయ్యి ఆగిపోయింది.

జయకృష్ణ ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు. "ఛీ! ఇక్కడ తింటున్నావేంటి?" అన్నాడు.

ఆమె గబుక్కున లేచింది. డబ్బా మీద కొంగు కప్పుకుంది. "ఎండుచేపలు కాదండీ సారూ, ఒట్టి పప్పేనండి" అంది కంగారుగా. "మీకు పడదన్నారు కదండీ. ఆ రోజు నుంచీ తేవట్లేదండీ. జరగండి సారూ, లోపల ఫినాయిల్ కొట్టేస్తాను, మీరు వాడుకుందురుగాని."

అతను వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. "హాల్లో కూర్చుని తినొచ్చు కదా?"

"పేషెంట్లు ఉంటారు కదండీ. మేడంగారు ఒప్పుకోరండి."

"మేడ మీద?"

"ఎండండీ. మెట్లెక్కితే నడుం పట్టేస్తందండి." ఆమె తనే మళ్లీ అంది. "ఇదే నయమండీ. భోజనాల వేళకి సీసాల వాళ్లు తగ్గుతారండీ. ఎవరైనా తలుపు కొడితే లేచి బయటికొస్తాను, వాళ్లెళ్లాక మళ్లీ కూర్చుంటాను. అంతేనండి. మరియమ్మ పటం మాత్రం ఇంటికి పట్టుకెళ్లిపోయానండి. అమ్మని ఇలాంటి చోట పెట్టకూడదు కదండీ."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదనిపించింది అతనికి. తిట్టినా తట్టుకునేవాడేమో.

"రా" అన్నాడు. "ఆ గదిలో కూర్చుని తిను. నేను చెబుతాను, రా."

తెరేసమ్మ డబ్బా పట్టుకుని అతని వెనకే రెండడుగులు వేసింది. గడప దగ్గర ఆగింది. లోపలి తెల్లటి నేల వంక చూసింది, తన కాళ్ల వంక చూసుకుంది, వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

"వద్దండీ సారూ. శుభ్రంగా ఉంది."

వినీల ఫోను చూసుకుంటూ వచ్చింది. తెరేసమ్మ డబ్బాతో ఆ గడప దగ్గర ఉండటం చూసి గతుక్కుమంది. "అదేంటి తెరేసమ్మా, అటు రాకూడదని చెప్పానా లేదా?"

"నేనే రమ్మన్నానండీ" అన్నాడు జయకృష్ణ. "ఆవిడ ఆ టాయిలెట్‌లో కూర్చుని తింటున్నారండీ. మీరు చూడలేదా?"

తెరేసమ్మను 'ఆవిడ' అనడం తొమ్మిదేళ్లలో అదే మొదలు. వినీలకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. "చూశానండీ. నేనేం చెయ్యను? తిండీ సామాన్లూ ఉండకూడదు, ఎవర్నీ అడుగు పెట్టనివ్వద్దు అని మీరే కదండీ రాశారు. నేను పోనీలే అని ఊరుకుందామనుకున్నానండీ, ఎండీగారు ఫొటోలడిగారు." ఫోను అతని ముందు పెట్టింది. "ఇదిగో చూడండి, ఆయనకు ఎంత నచ్చిందో."

గ్రూపులో గది ఫొటో ఉంది. కింద ఎండీగారి మాటలు. "భేష్. శుచి, శుభ్రత అంటే ఇదీ. ఈ కొత్త పద్ధతి పెట్టిన జయకృష్ణకు అభినందనలు. ప్రతి బ్రాంచీలోనూ గది ఇలాగే ఉండాలి, తాళం తప్పనిసరి." వెనకే బ్రాంచీల వాళ్లు ఒకరి తర్వాత ఒకరు దణ్ణాలు పెడుతున్నారు.

ఈసారి జయకృష్ణ చివరి అక్షరం దాకా చదివాడు. తన ఫోను తీసి, "సార్, గుణదల గదికి తాళం అక్కర్లేదండి. అక్కడ తెరేసమ్మగారు" అని టైపు చేసి ఆగాడు. తర్వాత ఏం రాయాలి? అక్కడ ఆవిడ తింటారని రాయాలా? ఆ తాళం పెట్టించినవాణ్ని నేనేనని రాయాలా? ముహూర్తం గొడవలో పడ్డ చీవాట్ల మంట ఇంకా ఆరలేదు. అభినందనలు వచ్చి రెండు నిమిషాలే అయింది. ప్రతి బ్రాంచీలోనూ ఇలాంటి గదే అంటే, ప్రతి బ్రాంచీలోనూ ఒక బకెట్టు బోర్లించుకోవాల్సి వస్తుందని అతనికి తెలుస్తూనే ఉంది. ఇంతలో వెనకాల చిన్న టిక్కుమన్న శబ్దం. స్విచ్ ఒకసారి ఆగి లేచింది. దీపాలన్నీ పచ్చగా మారాయి. అన్ని బ్రాంచీలూ పలుకుతున్నాయని హెడ్డాఫీసు నుంచి సందేశం వచ్చింది. ఇక అతను ఈ గదికి ఎప్పటికీ రానక్కర్లేదు. తొమ్మిదేళ్లుగా కోరుకున్నది ఇదే.

రాసినదంతా చెరిపేశాడు. దణ్ణం బొమ్మ పెట్టాడు.

పెట్టిన మరుక్షణం తన మీద తనకు రోత పుట్టింది. ఉయ్యూరు గోడ మీది ఉమ్మి చూసినప్పుడు కూడా అంత రోత పుట్టలేదు. ఫోను జేబులో వేసుకుని, చెప్పులు తొడుక్కుని, ఎవరి వంకా చూడకుండా సంచి సర్దుకున్నాడు. వినీల గదికి తాళం వేసి, సరిగ్గా పడిందో లేదోనని ఒకసారి లాగి చూసి వెళ్లిపోయింది.

తెరేసమ్మ డబ్బా పట్టుకుని గోడవారగా నిలబడే ఉంది. "సారూ, చేతులు కడుక్కోడానికే వచ్చుంటారు కదండీ. కడుక్కుంటారా? నేనాగుతాను."

"అక్కర్లేదండీ" అన్నాడు జయకృష్ణ.

అతని నోట వచ్చిన ఆ అండీని ఆమె పట్టించుకున్నట్టు లేదు. అలాగేనని తలూపి టాయిలెట్‌లోకి వెళ్లి, ఈసారి లోపల గడియ వేసుకుంది. డబ్బాలో ఇంకా సగం అన్నం ఉంది.